నేటివ్ స్పీకర్ అంటే ఎవరు గురూ?

పరాయిదేశంలో భాష నేర్పే ఉద్యోగాల ప్రకటనలు ఎప్పుడైనా చూశారా? "ఫ్రెంచి టీచరు కావలెను. నేటివ్ స్పీకర్ అయ్యుండాలి." డిగ్రీ, అనుభవం అన్నీ ఆ తర్వాతే. జావా ప్రోగ్రామరు కావాలంటే పుట్టుకతోనే జావా వచ్చుండాలని ఎవరూ అడగరు కదా! భాష దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడ పుట్టావన్నదే మొదటి ప్రశ్న.

నేను మాంట్రియల్‌లో కోడు రాసుకుని బతుకుతున్నా. 1977 నాటి భాషా చట్టం పుణ్యమా అని క్యూబెక్‌లో ఆఫీసు భాష ఫ్రెంచి. అందుకని సాయంత్రాలు ప్రభుత్వం వాళ్ళ ఉచిత ఫ్రెంచి క్లాసులకి పోతుంటాను. మా పంతులమ్మది కామెరూన్. ఇంట్లో, బడిలో, బజార్లో చిన్నప్పట్నుంచీ ఫ్రెంచే. ఇక్కడికి రాకముందు ఇంకో దేశంలో ఏదో ప్రైవేటు శిక్షణ సంస్థకి అప్లై చేస్తే, ఫోన్లో మాట్లాడినంతసేపూ బాగా మెచ్చుకున్నారట. ఫోటో పంపించాక మాత్రం "మాకు నేటివ్ కావాలండీ" అన్నారట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ క్లాసులో ఎవరికీ నవ్వు రాలేదు.

నిజానికి రోజూ ఫ్రెంచి మాట్లాడేవాళ్ళలో సగానికి పైగా ఉన్నది ఆఫ్రికాలోనే. పోనీ తెల్లవాళ్ళ ఫ్రెంచి అంతా ఒకటేనా? డెబ్భైని పారిస్‌లో "అరవై-పది" అంటారు, తొంభైని "నాలుగిరవైల-పది" అంటారు. బెల్జియంలో, స్విట్జర్లాండులో హాయిగా సెప్తాంత్, నొనాంత్ అనేస్తారు. దెజ్యునే అంటే పారిస్‌లో మధ్యాహ్న భోజనం, ఇక్కడ పొద్దున టిఫిను. ఇందులో ఏ నేటివ్ కావాలో ప్రకటనలో రాయరు మరి!

మన యానాం సంగతి చూడండి. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ళ పాలనే. 1962లో అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు అక్కడి జనాలకి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు కల్పించారు. అట్లా ఎంచుకున్న తెలుగువాళ్ళ చేతిలో ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంటుంది, ఇంట్లో తెలుగు ఉంటుంది. పాస్‌పోర్టుకీ నాలుకకీ లంకె లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇదంతా వాళ్ళ గొడవలే అని ఊరుకుందును, ఆదివారం తెలుగు క్లాసు లేకపోతే. మా దగ్గర నలుగురైదుగురం కలిసి పిల్లలకి తెలుగు చెప్తాం. ఒకాయన, చాలా మర్యాదగానే, "మీరు బాగా చెప్తారండీ, కానీ పెద్ద పిల్లలకి స్టాండర్డ్ తెలుగు వచ్చినవాళ్ళైతే బావుంటుంది" అన్నాడు. దాంతో నన్ను అక్షరాల క్లాసుకి మార్చారు. అక్షరాలకి యాస ఉండదు కదా!

మాది తాడిమర్రి. ధర్మవరం పక్క, చిత్రావతి, శెనక్కాయ చేన్లు. మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ. పుస్తకంలో ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప. మేము "యాడికి పోతాండావు?" అంటాం, "వచ్చినాడు" అంటాం. తమాషా ఏంటంటే కావ్యాల్లో ఉన్నదీ "వచ్చినాడు"కి దగ్గర రూపమే, "వచ్చాడు" తర్వాత కుదించుకున్నది. స్టాండర్డ్ అనుకునేది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట. అది నేర్పొద్దని నేననను, రాతకి ఒక ఉమ్మడి రూపం ఉండాల్సిందే. కానీ దాని పేరు చెప్పి మా అమ్మ మాట తెలుగు కాదంటే మాత్రం ఒప్పుకోను.

సరే, అసలు విషయానికొద్దాం. నేటివ్ అయితే చాలా? మా ఆఫీసు మిత్రుడు ఒకాయన, ఇక్కడి ఫ్రెంచివాడే, భార్యది గుంటూరు. ఆయనా మా క్లాసుకి వస్తాడు. ఒకరోజు అడిగాడు: "అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, కుక్క వచ్చింది. అమ్మాయికీ కుక్కకీ ఒకే క్రియ ఎందుకు?" గదిలో ఉన్న నేటివ్ తెలుగువాళ్ళందరూ పగలబడి నవ్వారు, జవాబు ఒక్కరూ చెప్పలేదు. ఏకవచనంలో ఆడవాళ్ళు జంతువుల, వస్తువుల జట్టు. బహువచనంలోకి రాగానే మగవాళ్ళ జట్టు: అమ్మాయిలు వచ్చారు, కుక్కలు వచ్చాయి. మనం ఎన్నడూ గమనించం, ఎందుకంటే ఎన్నడూ తప్పు పోం. "మనం", "మేము" తేడా కూడా అంతే. ఫ్రెంచిలో రెండిటికీ ఒకటే మాట. "నేను తెలుసు" కాదు "నాకు తెలుసు" అని వెంటనే దిద్దుతాం, ఎందుకంటే చెప్పలేం.

అందుకే తెలుగు నేర్చుకునేవాళ్ళకి పనికొచ్చే పుస్తకాలు చాలా వరకు బయటివాళ్ళు రాశారు. 1820లో కడపకి ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ వ్యాకరణం, నిఘంటువు రెండూ రాశాడు. ఆర్డెన్ వ్యాకరణం 1873లో వచ్చింది. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు, గ్విన్ కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం తెచ్చారు: ఒకరు తెలుగువారు, ఒకరు ఐరిష్. నా లెక్కలో సరైన జోడీ అది. పెద్దయ్యాక కష్టపడి నేర్చుకున్నవాడికి అతుకులెక్కడున్నాయో తెలుసు, పుట్టుకతో వచ్చినవాడికి ఏది చెవికి నప్పుతుందో తెలుసు. చిన్నప్పట్నుంచీ సాఫ్ట్‌వేరు వాడుతున్నంత మాత్రాన సోర్సు కోడు చదివినట్టు కాదు కదా. ఇంగ్లీషు విషయంలో ఫిలిప్సన్ అనే ఆయన 1992లోనే ఇది చెప్పాడు: నేటివ్ అయితేనే మంచి టీచరు అనుకోవడం ఒట్టి భ్రమ అని.

ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని, ఇప్పుడు బయట ఫ్రెంచి నేర్పితే ఎట్లా ఉంటుందని ఆలోచించేవాళ్ళు మనలో ఉన్నారు. ఆ మార్కులు లెక్కకి రావు. డెల్ఫ్ పరీక్షలు ఎ1 నుంచి బి2 దాకా, ఆపైన డాల్ఫ్ సి1, సి2. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్టుకి గడువు లేదు. దాని మీద ఫ్రెంచిని విదేశీ భాషగా బోధించే చదువు ఒకటి కావాలి. హైదరాబాదులోని ఇఫ్లూలో ఫ్రెంచి ఉంది. ఇవన్నీ ఉన్నా "నేటివ్" అనే గోడ కొన్నిచోట్ల తగులుతుంది. తగిలినప్పుడు, వాళ్ళు అడుగుతున్నది భాష గురించి కాదని గుర్తుపెట్టుకోండి.

ఇక నేను అక్షరాల క్లాసులో "ఎ"కి ఎలుక బొమ్మ పక్కనే ఎర్రగడ్డ బొమ్మ కూడా వేస్తున్నా. పిల్లలకి రెండు మాటలూ వస్తున్నాయి. ఇంతవరకూ ఏ పిల్లాడూ గందరగోళపడలేదు, గందరగోళమంతా పెద్దవాళ్ళకే. మీ ఇంట్లో ఉల్లిపాయని ఏమంటారో, అది మీ పిల్లలకి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.