గోదాలో గచ్చు

కుర్రాళ్లు కుస్తీ, సాము నేర్చుకునే మా ఊరి తాలింఖానా గోదాలో మట్టి తీయించి సిమెంటు గచ్చు పోయించింది నేనే. విజయనగరం దగ్గరి పల్లె మాది. బాగుచేయించే కమిటీలో చదువుకున్నవాడినని నా మాటకు విలువిచ్చారు. వానాకాలంలో బురద, గోడల వెంట చెమ్మ, పండగకు పెద్దమనుషులొస్తే కుర్చీలు వేయడానికి చోటు చాలకపోవడం... నా కంటికి ఆనినవి ఇవే. చందాల్లో ఎక్కువ భాగం గచ్చుకే పెట్టించాను.

ప్రారంభం నాడు పెద్ద వస్తాదు ఒకాయన లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "గచ్చు బాగానే ఉంది బాబూ. మరి పిల్లలు ఎక్కడ పడతారు?" అన్నాడు. పాతకాలం మనిషి, చాదస్తం అనుకున్నాను.

కొన్నాళ్లకే ఒక కుర్రాడు పట్టు తప్పి ఆ గచ్చు మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. వాళ్లమ్మ ముందు నిలబడ్డప్పుడు నాకు నోట మాట రాలేదు.

వస్తాదు అడిగిన ప్రశ్న అప్పుడు పట్టుకుంది నన్ను. పుస్తకాలు తిరగేస్తే ఆయన మాటే రెండు వేల ఏళ్ల నాటి పేర్లలోనూ కనిపించింది. 'అరీనా' అంటే లాటిన్‌లో ఇసుక. రోమన్లు పోటీల బరిలో ఇసుక పరిచేవారు, చిందిన నెత్తురు ఇంకిపోవాలని. ఆ ఇసుక పేరే బరికి పేరైంది. 'స్టేడియం'కు మూలం గ్రీకుల 'స్టేడియన్'. అది 600 గ్రీకు అడుగుల కొలత, ఒలింపియాలో సుమారు 192 మీటర్లు. ఆ దూరం పరుగెత్తే పందేన్నీ అలాగే పిలిచారు, తర్వాత ఆ పందెం జరిగే చోటునీ. క్రీ.పూ. 776లో తొలి ఒలింపిక్ విజేతగా చెప్పుకునే కొరోయ్‌బస్ గెలిచింది ఆ పరుగే. మన తాలింఖానా సంగతీ అంతే. 'తాలీమ్' అంటే అరబ్బీలో శిక్షణ, 'ఖానా' అంటే పారశీకంలో ఇల్లు. పడేవాడిని, పరుగెత్తేవాడిని, నేర్చుకునేవాడిని బట్టి వచ్చిన పేర్లివి. నేను మాత్రం కుర్చీలో కూర్చునేవాడి కోసం ఆలోచించాను.

అదీ ఎక్కడ? కోడి రామ్మూర్తి నాయుడు పెరిగిన నేల మీద. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, కసరత్తు నేర్చి, ఇక్కడే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, ఆపైన సర్కస్ కట్టి గుండెల మీద ఏనుగును నిలిపిన మనిషి ఆయన. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఊరు ఊరంతా బరువులెత్తే ఊరని పేరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. మన జిల్లాల పేరు నిలిపింది గ్యాలరీలు కావు, ఇలాంటి పల్లెల్లో పిల్లలు రోజూ చేసిన సాధన.

గచ్చు పగలగొట్టించాం. ఆ ఖర్చు నేను పెట్టుకున్నాను, అది న్యాయం కూడా. మట్టి ఎలా ఉండాలో ఈసారి వస్తాదునే అడిగాను. ఎర్రమట్టి తెప్పించి, జల్లెడ పట్టించి, రాళ్లూ పెంకులూ ఏరించాడు. పసుపు, నూనె, మజ్జిగ కలిపి కుర్రాళ్ల చేతే తొక్కించాడు. గుప్పెడు తీసి పిడికిలి బిగించి, వదిలి చూశాడు. ఉండ కట్టి, వేలు తగలగానే విడిపోవాలట. రోజూ సాము మొదలుపెట్టే ముందు పారతో తిరగేయాలి, లేకపోతే అదీ గచ్చంత గట్టిపడుతుందని చెప్పాడు. ఇదంతా ఆయనకు ముందే తెలుసు. నేనే అడగలేదు.

పైడితల్లి పండగకు సాము గరిడీలు చూసి చప్పట్లు కొట్టేవాళ్లం మనం చాలామందిమి. ఆ కుర్రాళ్లు ఏ నేల మీద నేర్చుకుంటున్నారో ఒకసారి వెళ్లి చూడండి. మీ ఊళ్లో తాలింఖానా ఇంకా మిగిలి ఉండి, దాన్ని బాగుచేయించే తీర్మానం మీ ముందుకొస్తే, సంతకం పెట్టే ముందు అందులో రోజూ పడి లేచేవాళ్లను పిలిచి అడగండి.