చక్రం ఎంత బయటికి?

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్తుంటే సీజన్లో కళ్లను లాగేవి రెండే... తెల్లటి పత్తి, ఎర్రటి మిరప. కాసేపు వాటిని వదిలేసి ట్రాక్టర్ల వెనక చక్రాలు చూడండి. కొన్నింటికి ఒంటికి అతుక్కున్నట్టుంటాయి, కొన్నింటికి బాగా ఎడంగా జరిగి ఉంటాయి. మోడల్ ఒకటే అయినా సరే! ఎందుకలా?

జవాబు చేలో ఉంది. పత్తి సాళ్ల మధ్య మూడడుగుల దూరం పెట్టారనుకోండి. ట్రాక్టరుతో గుంటక తోలాలంటే వెనక చక్రాల మధ్య దూరం ఆరడుగులు ఉండాలి. అప్పుడు రెండు సాళ్లు ట్రాక్టరు కిందికొస్తాయి, చక్రాలేమో సాళ్ల సందుల్లో నడుస్తాయి. రెండున్నర అడుగుల సాళ్లయితే అయిదడుగులు చాలు. 13.6 అంగుళాల టైరు మూడడుగుల సందులో వెళ్తే అటూ ఇటూ మిగిలేది 11 అంగుళాలే. అంతకంటే పక్కకు జరిగితే మొక్క టైరు కిందే. ఎడ్లతో తోలిన రోజుల్లోనూ లెక్క ఇదే. కాకపోతే అప్పుడు మార్చింది చక్రాన్ని కాదు, కాడిని. రెండెడ్లూ సందుల్లోనే నడవాలిగా!

చాలా ట్రాక్టర్లలో వెనక చక్రం మధ్యనుండే డిస్కు పళ్లెంలా లోతుగా ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది. కారు వీల్స్ మార్చే కుర్రాళ్లు ‘ఆఫ్‌సెట్’ అనేది దీన్నే. రిమ్ముకు సరిగ్గా మధ్యనుండే గీత నుంచి, హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందన్నదే ఆ అంకె. 45 ఉన్నచోట 35 వేస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, బేరింగుల మీద భారమే పెరుగుతుంది. అందం కోసం కారుకు చేసేది, ఇక్కడ పంట కోసం చేస్తారు.

చక్రాలు ఎడమైతే ఏటవాలు గట్ల మీద ట్రాక్టరుకు నిలకడ ఎక్కువే. అంతమాత్రాన వెనక ట్రక్కులో కూర్చున్నవాళ్లకు భరోసా అనుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలంలో మిరపకోతకెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు చనిపోయారు. ట్రక్కు ఉన్నది మనుషుల కోసం కాదని తెలిసీ సీజను వస్తే ఎక్కక తప్పని ఊళ్లివి.

డిస్కు తిప్పేటప్పుడు ఒక చిక్కుంది. ఉన్నచోటే తిరగేస్తే టైరు మీది ఏటవాలు పట్టీలు వెనక్కి తిరిగిపోతాయి, నల్లరేగడిలో పట్టు పోతుంది. అందుకే కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమ చక్రాన్ని కుడికి మారుస్తారు. బిగించి కొన్ని గంటలు నడిపాక పానా పట్టుకుని బోల్టులన్నీ మళ్లీ ఒకసారి చూసుకుంటారు.