చింతగింజలతో నేర్చుకున్న లెక్క

మన గ్రూపులో పేకాట గురించి రాస్తున్నాడేంటి అనుకోకండి, చివరిదాకా చదవండి.

డిగ్రీలో హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన మాకు పోకర్ నేర్పించాడు. డబ్బుల్లేవ్. ఇంటి దగ్గర చింతపండు కొట్టి తీసిన గింజలే మా పందెం. ఎవరి చేతిలో వాళ్లకి రెండు ముక్కలు. అందరికీ కలిపి నేల మీద ఐదు. వాటిని మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి తెరుస్తారు. ఆ ఏడింటిలోంచి మంచి ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే కుప్ప వాళ్లది. ఐదూ ఒకే రంగువైతే పెద్ద చేయి కిందే లెక్క.

ఒకసారి నా చేతిలో రెండు ఆటీన్లు, నేల మీద తెరిచిన నాలుగింటిలో ఇంకో రెండు. చివరి ముక్క ఆటీనైతే గెలుపు దాదాపు నాదే. కుప్పలో 100 గింజలున్నాయి. ఎదుటివాడు 50 పెట్టాడు. నేనూ 50 పెట్టాలి.

"తమ్మీ, ముందు లెక్కెయ్" అన్నాడు అన్న.

పేకలో 52 ముక్కలు. నాకు కనిపించినవి 6, కనపడనివి 46. ఆటీన్లు మొత్తం 13, అందులో 4 కనిపించాయి కాబట్టి మిగిలినవి 9. అంటే ఇలాంటి ఆట 46 సార్లు ఆడితే సగటున 9 సార్లు గెలుస్తాను. గెలిచినప్పుడల్లా 150 వస్తే మొత్తం 1350. మిగతా 37 సార్లు 50 చొప్పున పోతే 1850. అంటే 500 గింజలు నష్టం.

"అదృష్టం ఉంటే పడుద్ది కదన్నా?"

"పడుద్ది. 46 సార్లలో 9 సార్లు."

ముక్కలు కింద పెట్టేశాను. ఇంటర్ సెకండియర్‌లో సంభావ్యత చదివి మార్కులు తెచ్చుకున్నా, అది దేనికి పనికొస్తుందో ఆ రోజే తెలిసింది. అసలు ఈ గణితం పుట్టిందే జూదం ప్రశ్నల్లోంచి. మధ్యలో ఆగిన ఆటలో పందెం ఎలా పంచాలని 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు.

ఈ మధ్య మా ఊరి తమ్ముడొకడికి స్కాలర్‌షిప్ పడింది. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు కట్టాల్సిన డబ్బు అది. ఎవరో పంపిన పేకాట యాప్ లింకు చూపించి, "అన్నా, లెక్కలొస్తే గెలవొచ్చంట" అన్నాడు.

కూర్చోబెట్టి ఇంకో లెక్క వేయించాను. ఆరుగురు తలా 100 తెస్తే 600. ప్రతి ఆటలో కుప్ప 20 రూపాయలు, ఆడించేవాడి వాటా నూటికి 5 అనుకుందాం. ఆటకి ఒక రూపాయి పోతుంది. 300 ఆటలయ్యేసరికి ఆరుగురి దగ్గరా కలిపి 300 మిగులుతుంది. 600 ఆటలకి ఏమీ మిగలదు.

"మరి గెలిచేదెవరన్నా?"

"ముక్క ముట్టనోడు."

తెలంగాణలో 2017లోనే, దేశమంతటా 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టాలు చేశారు. అయినా లింకులు వస్తాయి. ఎవరైనా పంపితే "ప్రతి ఆటలో నీ వాటా ఎంత?" అని అడగండి. హాస్టల్లో తమ్ముళ్లకి, చెల్లెళ్లకి సంభావ్యత కష్టంగా ఉంటే ఒక పేక, గుప్పెడు చింతగింజలు పట్టుకుని కూర్చోండి. డబ్బు మాత్రం వద్దు.