పల్నాటి గోడలు

పల్నాడనగానే మనలో చాలామందికి బ్రహ్మనాయుడూ, నాగమ్మా, కోడిపందెమూ జ్ఞాపకం వస్తాయి. మొన్నటి ప్రయాణం తర్వాత నాకు మాత్రం గోడలు జ్ఞాపకం వస్తున్నాయి.

2022 నుంచి పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైన నరసరావుపేటలో బస్సెక్కి, సున్నానికి పేరుమోసిన పిడుగురాళ్ళ మీదుగా గురజాల వెళ్ళాను. దారి పొడుగునా ఊళ్ళలో సున్నపు గోడల మీద సైకిలో, ఫ్యానో, హస్తమో కనిపిస్తూనే ఉన్నాయి. కొన్నిచోట్ల రంగు వెలిసి, వెనకటి ఎన్నికల గుర్తు కొత్తదాని అడుగునుంచి తొంగిచూస్తోంది.

ఈ బొమ్మలు సరదాకి పుట్టినవి కావు. 1951 లెక్కల ప్రకారం దేశంలో చదువొచ్చినవారు నూటికి 18 మందే. మరి 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో తక్కినవారు ఓటు వేయడం ఎలా? పార్టీకో గుర్తు ఇచ్చారు. అభ్యర్థికో పెట్టె, పెట్టెకో బొమ్మ. ఓటరు చాటుకు వెళ్ళి, తనకిచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. కాంగ్రెసుకు కాడెడ్లు, కమ్యూనిస్టులకు కంకీ కొడవలి, ప్రకాశం పంతులుగారున్న ప్రజా పార్టీకి గుడిసె. అన్నీ రైతు రోజూ చూసేవే! తర్వాత కాడెడ్లు పోయి ఆవూ దూడా, 1978లో హస్తం, 1983 ఎన్నికల్లో రామారావుగారి సైకిలు వచ్చాయి.

గురజాలలో కాఫీ హోటలాయన తన నాయనమ్మ సంగతి చెప్పాడు.

"ఆమెది వేలిముద్రేనండీ. మొదటి ఓటుకు పోయేటప్పుడు మా తాత ఫలానా పెట్టెలో వెయ్యమని చెప్పి పంపాడంట. వచ్చాక 'వేశావా?' అంటే 'వేశా' అందంట. ఏ పెట్టెలోనో చచ్చిందాకా చెప్పలా!"

అక్కడినుంచి కారెంపూడి వెళ్ళి వీరుల గుడి చూశాను. కార్తీక అమావాస్యకు ఐదు రోజుల ఉత్సవం. అందులో చాపకూడు ఉంటుంది. అన్ని కులాలవారూ ఒకే పంక్తిన కూర్చుని తినడం బ్రహ్మనాయుడు పెట్టిన ఏర్పాటని కథ. దాన్ని తెలుసుకోవడానికీ అక్షరాలక్కర్లేదు, ఆ పంక్తిని చూస్తే చాలు. బొమ్మతో రాజకీయం చెప్పడం ఈ సీమకు కొత్తేమీ కాదనిపించింది.

మాచర్లలో ఒక పెయింటరు పరిచయమయ్యాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిందట. ఫ్యాను తేలిక, సైకిలు కష్టం అన్నాడు. గోడకు మేకు కొట్టి, దారం కట్టి తిప్పితేగాని చక్రం గుండ్రంగా రాదట.

"బొమ్మదేముందండీ, గోడతోనే చిక్కు. గుర్తు పడిందంటే ఆ ఇల్లు ఎటో ఊరంతా చెప్పినట్టే. రేపు గొడవైతే రాయి ఏ ఇంటిమీద వెయ్యాలో వాళ్ళకు తెలిసిపోయిద్ది" అన్నాడు.

ఇది ఉత్తమాట కాదు. 2024 మే 13న ఈ నియోజకవర్గంలోనే, పాల్వాయి గేటు కేంద్రంలో ఓటు యంత్రాన్నే నేలకేసి కొట్టారు. పెట్టె చాటున మనిషికి ధైర్యమిచ్చిన బొమ్మే వీధి గోడమీద అతణ్ణి పట్టిస్తోంది.

అతను నన్నొక సందులోకి తీసుకువెళ్ళాడు. అటూ ఇటూ గోడలన్నీ గుర్తులే. నడుమ ఒక్కటి మాత్రం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. అరుగుమీద పెద్దావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భర్త పోయి చాలాకాలమైందట.

"రెండు పార్టీలోళ్ళూ వచ్చారయ్యా. ఇద్దరికీ మజ్జిగిచ్చి పంపా" అందావిడ.

"ఓటు వేశారా అమ్మా?"

"ఎందుకెయ్యను? మిషను పక్కన అద్దంలో నేనేసిన గుర్తు కాసేపు కనపడిద్దిగా. చూసుకున్నా."

ఆ కాసేపు 7 సెకన్లు. తర్వాత చీటీ పెట్టెలో పడిపోతుంది. ఏ గుర్తు చూసుకున్నదీ నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

ఆవిడ పెయింటరువైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, సంక్రాంతికి మళ్ళీ సున్నం కొట్టాలి. పిడుగురాళ్ళదే తే, నీళ్ళసున్నం తెచ్చావంటే ఊరుకోను" అంది.