తొమ్మిది నట్లూ, నేనూ

మా ఫ్రీజర్లో కరివేపాకు పొట్లం పక్కన ఓ ఇనప చక్రం కనిపించిన రోజునే నాకు తెలిసిపోయింది, ఇక ఆ వంటిల్లు నాది కాదని.

"ఇదేమిట్రా?" అన్నాను.

"బేరింగమ్మా. రాత్రంతా చలిలో ఉంటే వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. పొద్దున హబ్బుని ఓవెన్లో పెట్టి వేడిచేస్తే అది వెంట్రుకవాసి సాగుతుంది. అప్పుడు సుత్తి దెబ్బ లేకుండా ఇది అందులో కూచుంటుంది" అన్నాడు మా అబ్బాయి, ఇడ్లీ పిండి రాత్రే రుబ్బుకోవాలని చెప్పినంత మామూలుగా.

సరే, మొదటినుంచీ చెబుతాను. మేముండేది ఇంగ్లండులో వూస్టరనే ఊళ్లో. మావారు ముప్పయ్యేళ్లు ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మాకు ఒక్కడే కొడుకు. వాడూ డాక్టరవుతాడని ఆయన ఆశ. వాడు మూడో ఏడాదిలో మెడిసిన్ మానేసి ఇంటికొచ్చి, లేతు మిషన్లున్న ఓ వర్కుషాపులో చేరాడు. ఆనాటినుంచి రెండేళ్లపాటు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. కొట్లాటా లేదు. కొట్లాడుకున్నా బాగుండేదేమో! "వాణ్ణి భోజనానికి రమ్మను" అని ఆయనా, "నాన్నగారికి ఉత్తరమొచ్చిందని చెప్పమ్మా" అని వాడూ, ఒకే బల్ల దగ్గర కూచుని నాతో చెప్పేవారు. వెనకటి రోజుల్లో ట్రంకుకాల్ కలిపే ఆపరేటరమ్మ ఉండేది చూశారా, నాది అచ్చంగా ఆ ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు.

అలా ఉండగా ఓ ఆదివారం వాడు తుప్పుపట్టిన మినీ కారొకటి తెచ్చి షెడ్డులో పెట్టాడు. మినీ అంటే మీరు సినిమాల్లో చూసే ఉంటారు, అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టుంటుంది. అలెక్ ఇసిగోనిస్ అనే ఆయన రూపకల్పన చేశాడు. 1959లో బజారుకొచ్చిన ఆ పాత తరహా బండి 2000 దాకా తయారైంది. చిన్న బండిలో నలుగురు కూచోవాలని ఆయన ఇంజన్ను అడ్డంగా తిప్పి పెట్టి, దాని కిందే గేర్‌బాక్సు అమర్చాడు. రెంటికీ నూనె ఒక్కటే. ఉమ్మడి కుటుంబం లాంటిదన్నమాట. ఒకరికి జబ్బు చేస్తే రెండోవారికి అంటుకోక తప్పదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

"దీన్నేం చేస్తావురా?"

"కొండెక్కిస్తాను."

కొండ పందెం అని ఇక్కడో ముచ్చట ఉంది. మామూలు రేసుల్లోలా పది బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పరుగెత్తవు. ఒక్కొక్క బండీ ఒంటరిగా, మలుపులు తిరిగే కొండదారి మీద, గడియారంతో పోటీపడి పైకి పోవాలి. ఇంజను పరిమాణాన్ని బట్టి, బండిలో చేసిన మార్పుల్ని బట్టి తరగతులుంటాయి. కాబట్టి గొప్ప రేసుకారున్నవాడితోపాటు, ఆదివారం పూట షెడ్డులో స్పానర్లు పట్టుకునే గుమాస్తా కూడా తన సాటివాళ్లతో తలపడవచ్చు.

మా ఊరికి దగ్గర్లోనే షెల్స్‌లీ వాల్ష్ అనే పల్లె ఉంది. అక్కడి కొండదారి మీద 1905 ఆగస్టులో మిడ్లండ్ ఆటోమొబైల్ క్లబ్బువాళ్లు తొలి పందెం పెట్టారు. ప్రపంచ యుద్ధాల కాలం తప్పిస్తే ఈనాటికీ అదే దారి మీద పందేలు జరుగుతూనే ఉన్నాయి. దారి పొడుగు 1000 గజాలు. అంతలోనే 100 మీటర్ల ఎత్తెక్కాలి. మొదటి ఏడాది ఎర్నెస్ట్ ఇన్‌స్టన్ అనే ఆయన డైమ్లర్ బండిలో 77.6 సెకండ్లలో ఎక్కితే అబ్బో అన్నారట. ఇప్పటి రికార్డు 23 సెకండ్ల లోపే!

ఆడవాళ్ల సంగతేమిటని మీరడుగుతారని తెలుసు. 1930లలో కే పీటర్ అనే ఆవిడ ఉండేది. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద పదిన్నర లీటర్ల డెలాజ్ బండి తోలడానికి కాళ్లందక పెడల్స్‌కి చెక్కదిమ్మలు కట్టించుకుంది. 1970లో పాట్సీ బర్ట్ అనే ఆవిడ ఇక్కడి జాతీయ స్ప్రింట్ చాంపియన్‌షిప్పే గెలిచింది. ఇవన్నీ నాకు మా అబ్బాయే చెప్పాడు. నన్ను షెడ్డులోకి లాగడానికి వాడు వేసిన ఎర అని తర్వాత తెలిసింది.

ఎర మింగేశాను. ఏం చెయ్యను మరి! నా వస్తువులన్నీ అక్కడే ఉన్నాయాయె. మినీలో నిప్పురవ్వ పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరు ముందు జాలీ వెనకే ఉంటుంది. వాన కురిస్తే తడిసి బండి ఆగిపోతుంది. దానికి మందు, గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగు. వేళ్ల కొసలు కత్తిరించి, ఒక్కో వేల్లోంచీ ఒక్కో వైరు బయటికి తీసి, దానికి తొడిగేస్తారు. మైదా తూచుకునే నా తూకం కూడా పోయింది. నాలుగు పిస్టన్లూ ఒకే బరువుండాలట. అన్నిటికంటే తేలికైనదాన్ని చూసుకుని మిగతా మూడింటినీ దానికి సమంగా అరగదియ్యాలి. పిల్లలందర్నీ తెలివైనవాడి స్థాయికి లాగడమే చూశాను గానీ, తేలికవాడి కోసం మిగతావాళ్లు తగ్గడం అక్కడే చూశాను.

వాల్వులు సరిచెయ్యడం మాత్రం ఇద్దరి పని. ఒకరు బండిని టాప్ గేర్లో ఉంచి అంగుళం అంగుళం తోస్తూ ఉంటే, ఇంకొకరు లోపలి సందు కొలవాలి. సందు ఉండవలసింది అంగుళంలో వెయ్యింట పన్నెండో వంతు, దాదాపు మూడు కాగితాల మందం. మొత్తం ఎనిమిది వాల్వులు. వాటికో తమాషా లెక్కుంది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సరిచెయ్యాలి. ఏడోది తెరుచుకుంటే రెండోదాన్ని. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఎక్కాలు చెప్పినంత సులువుగా నాకు పట్టుబడింది. వాడు తోసేవాడు, నేను కొలిచేదాన్ని. వాడు మెడిసిన్ ఎందుకు మానేశాడో, అక్కడి హాస్టల్లో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, ఆ తోపులాటలోనే నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎదురుగా కూచోబెట్టి రెండేళ్లు అడిగినా చెప్పని సంగతులు!

ఏ పని అయిందో, ఏది మిగిలిందో నోట్‌బుక్కులో రాసి టిక్కు పెట్టే బాధ్యత నాది. ఇంజను తలకాయని పట్టి ఉంచే నట్లు తొమ్మిది. మధ్యనుంచి మొదలెట్టి అంచులకు పోతూ, టార్కు రెంచితో అన్నిటినీ ఒకే బిగువుకు బిగించాలి. అంతటితో అయిపోదు. ఇంజన్ను ఒకసారి వేడెక్కించి, చల్లారాక మళ్లీ బిగించాలి. ఎందుకంటే మధ్యలో ఉండే గాస్కెట్టు మొదటి వేడికి కొంచెం అణుగుతుంది. పందేనికి ముందురోజు సాయంత్రం వాడు డ్యూటీకి వెళుతూ, "చల్లారాక నట్లు ఒకసారి చూడమ్మా" అన్నాడు. సరేనని ముందుగానే టిక్కు పెట్టేశాను. అప్పుడే రాజమండ్రినుంచి మా చెల్లెలు ఫోను చేసింది. ఇక చెప్పేదేముంది? గంటన్నర మాట్లాడుకున్నాం.

మర్నాడు నన్ను కొండ దగ్గర దింపడానికి "మాత్రమే" మావారు వచ్చారు. దింపాక వెళ్లిపోనూ లేదు. దూరంగా కంచెనానుకుని, ఎవరి బండినో చూస్తున్నట్టు నిలబడ్డారు. ముందు పరీక్షాధికారులు బండి చూశారు. బెల్టులు, హెల్మెట్టు, ముందువైపు టైము కొలిచే కాంతిరేఖకు తగలడానికి నిలబెట్టిన నల్లటి రేకూ, అన్నీ సరే అన్నారు. పొద్దున రెండుసార్లు ప్రాక్టీసు. మొదటిసారి బాగానే ఎక్కింది. రెండోసారి కిందికి దిగొచ్చిన బండి ముందునుంచి, మా ఇడ్లీపాత్ర మూత తీసినట్టు, ఒకటే ఆవిరి.

వాడు నూనె మూత విప్పాడు. లోపల పాలకాఫీ రంగు నురగ. గాస్కెట్టు పోయి నీళ్లు నూనెలో కలిశాయి. అదే నూనె గేర్‌బాక్సుకి కూడా అని చెప్పాను కదా!

మావారు కంచె దగ్గర్నుంచి వచ్చారు. నావైపే చూస్తూ, "ఏదీ చివరిదాకా చెయ్యని మనిషికి బండీ అంతే, చదువూ అంతే అని చెప్పు వాడితో" అన్నారు.

వాడి ముఖం చూశాను. రెండేళ్ల క్రితం పెట్టెతో గుమ్మంలో నిలబడినప్పటి ముఖం. నా గుండె ఝల్లుమంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. టిక్కు ఉండనే ఉంది.

"చివరిదాకా చెయ్యనిది వాడు కాదండీ, నేను" అన్నాను. "నట్లు బిగించకుండానే టిక్కు పెట్టాను."

కాసేపు ముగ్గురం మాట్లాడలేదు. వాడు కోప్పడతాడనుకున్నాను. వాడు బండి కిందికి దూరి నూనె వదిలేస్తూ, "తప్పెవరిదో తర్వాత చూద్దామమ్మా. ముందు నాకు వెలుతురు కావాలి. నాన్నగారూ, ఆ టార్చి ఇలా పడతారా?" అన్నాడు.

నాతో కాదు, ఆయనతో! ఆయన టార్చి పట్టుకున్నారు.

పక్కనున్న ఓ పెద్దమనిషి, వాడితో అదే తరగతిలో పోటీపడేవాడే, తన దగ్గరున్న కొత్త గాస్కెట్టు అడక్కుండానే తెచ్చిచ్చాడు. ఎనిమిది పుష్‌రాడ్లనీ ఏ చోటువి ఆ చోటికే వెళ్లేలా నేను కోడిగుడ్ల అట్టకు చిల్లులు పొడిచి, అంకెలేసి గుచ్చాను. పాత గాస్కెట్టు అంటుకుపోయిన చోట గీత పడకుండా గోకాలి. మావారు టార్చి నా చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచారు. ముప్పయ్యేళ్లు ఎముకల మీద పనిచేసిన చేతులు. "మరలన్నీ సమంగా బిగియ్యాలి. ఒక పక్క లాగితే ఎముకైనా అంతే" అన్నారు. చివర్లో తొమ్మిది నట్లూ వాడే బిగించాడు. ఈసారి ఇంజన్ను వేడిచేసి, చల్లార్చి, మళ్లీ బిగించేదాకా ఆయన వాచీ చూస్తూ నిలబడ్డారు. నేను టిక్కు పెట్టబోతే, "ఉండు" అని ప్రతి నట్టూ స్వయంగా చూశారు. వాల్వులు మాత్రం నేనే కొలిచాను.

అప్పటికి పోటీలో మొదటి పరుగు పోయింది. రెండోదానికి అందుకున్నాం. వెనక చక్రానికి దిమ్మ పెట్టారు. పచ్చదీపం వెలిగింది. వాడు మలుపు తిరిగి చెట్ల చాటుకు పోయాక ఇక చప్పుడే మిగిలింది. ఆ చప్పుడు ఎక్కడైనా ఆగితే? మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పెళ్లినాటి తర్వాత నలుగురిలో పట్టుకోవడం అదే!

41 సెకండ్లు. మా ఇంట్లో పోపు వేగేంతసేపు. వాడి తరగతిలో వాడిదే ఆఖరి స్థానం.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు పులుసు కలుపుకుంటూ, "మూడో నట్టు దగ్గర నీ చెయ్యి తొందరపడిందిరా" అన్నారు.

"మీరు టార్చి కదిపితే మరేం చెయ్యను నాన్నగారూ?"

"నేను కదిపానా? ఆపరేషను థియేటర్లో..."

ఇక మొదలైంది. నట్లనుంచి చదువుదాకా, చదువునుంచి హాస్టలుదాకా వెళ్లింది. గొంతులు లేచాయి. ఒకసారి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పదకొండు దాటినా ఇద్దరూ లేవలేదు, ఎంగిలి చేతులు ఎండిపోతున్నా సరే. ఆ రెండుగంటల్లో ఒక్కరూ "వాడితో చెప్పు" అనలేదు, "ఆయనతో చెప్పు" అనలేదు.

నా ఆపరేటరు ఉద్యోగం ఊడిపోయింది. లేచి వెళ్లి గిన్నెలు తోముకుందామని చూద్దును కదా, రబ్బరు తొడుగు లేదు.