పాతది పాతగానే ఉండాలి

బందరులో మా ఇంటికి ఎవరొచ్చినా అడిగే ప్రశ్న ఒకటే: "అమ్మాయి హైదరాబాద్‌లో ఏం చేస్తోంది?" సాఫ్ట్‌వేర్ అని అమ్మ చెప్తే చాలామందికి సరిపోతుంది. కాస్త తెలిసినవాళ్లు మాత్రం "యాప్‌లా? ఏఐనా?" అని ఇంకో ప్రశ్న వేస్తారు. అక్కడ ఇరుక్కుంటాను. నేను కొత్తవి తయారుచెయ్యను. లైనక్స్ కొత్త కెర్నల్ కోసం ఎవరో రాసిన డ్రైవర్‌ని తెచ్చి, ఏళ్ల కిందటి కెర్నల్‌లో పనిచేసేలా అమరుస్తాను. దీన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. "అదేంటమ్మా, ఏకంగా కొత్తదే వేసుకోవచ్చుగా?" అన్నారు మా బాబాయి. ఇంక్రిమెంట్ల రోజుల్లో మా ఆఫీసులో పైవాళ్లు అడిగేదీ ఇంచుమించు ఇదే.

ఎందుకు వేసుకోకూడదో అవనిగడ్డలో మా మావయ్య షాపు చూస్తే తెలుస్తుంది. జిరాక్స్, ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు ఆయన పని. నాగాయలంక నుంచీ కోడూరు నుంచీ పిల్లలు వస్తారు. వాళ్ల పెన్‌డ్రైవ్‌లతో పాటు వైరస్‌లూ వచ్చి పడుతుంటే విసిగిపోయి "నువ్వు వాడేదే నాకూ వెయ్యమ్మా" అన్నాడు. డెబియన్ 12 వేశాను. పాత లేజర్ ప్రింటర్‌ని దారికి తేవడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఒక్కటే: "ఇంక దీన్ని కదపకు."

స్టేబుల్ అంటే అసలు అర్థం అదే. పాతబడిందని కాదు. నిన్న పనిచేసింది రేపూ అలాగే పనిచేస్తుందని ఇచ్చిన మాట. భద్రతా లోపాలకి సవరణలు వస్తాయి గానీ మెనూ మారదు, ప్రింటర్ అలగదు.

2024లో అడ్మిషన్ల రోజుల్లో మావయ్య ఇంకో ల్యాప్‌టాప్ కొన్నాడు. దాంట్లోనూ డెబియనే వేస్తే అన్నీ వచ్చాయి, వైఫై తప్ప. లోపల ఉన్న చిప్ 8852బీఈ. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే దీని కథ తెలుసు. డెబియన్ 12లో ఉండేది 6.1 కెర్నల్, 2022 డిసెంబర్ 11న విడుదలైంది. ఈ చిప్‌కి డ్రైవర్ 6.2లో చేరింది, అది 2023 ఫిబ్రవరి 19న వచ్చింది. సరిగ్గా పది వారాల తేడా. డెబియన్ 12 విడుదలైంది ఆ జూన్‌లోనే అయినా, దీర్ఘకాలం నిర్వహించే కెర్నల్ అని 6.1నే తీసుకున్నారు. తప్పు ఎవరిదీ కాదు. బస్సు వెళ్లిపోయాక స్టాండుకి చేరిన ప్రయాణికుడి లాంటిది ఆ చిప్.

మరి 6.1లోకి ఆ డ్రైవర్‌ని తర్వాత చేర్చకూడదా? స్టేబుల్ కెర్నల్‌కి రాతపూర్వకమైన నియమాలున్నాయి. మార్పు ముందు లైనస్ టోర్వాల్డ్స్ నడిపే ప్రధాన కెర్నల్‌లో ఉండాలి. చుట్టుపక్కల లైన్లతో కలిపి వంద లైన్లు దాటకూడదు. జనాన్ని నిజంగా ఇబ్బంది పెడుతున్న లోపాన్ని సరిచెయ్యాలి, లేదంటే కేవలం ఒక డివైస్ ఐడీని చేర్చేదై ఉండాలి. ఈ చివరి మినహాయింపు నాకు భలే ఇష్టం. ప్రతి చిప్‌కీ ఒక నంబరు ఉంటుంది. డ్రైవర్ దగ్గర తనకి తెలిసిన నంబర్ల పట్టిక ఉంటుంది. ఒక్కోసారి డ్రైవర్‌కి పని మొత్తం వచ్చు, పట్టికలో నంబరు మాత్రం ఉండదు. రేషన్ షాపులో బియ్యం ఉన్నా జాబితాలో పేరు లేదని వెనక్కి పంపినట్టు! అలాంటప్పుడు ఒక్క లైన్ చేరిస్తే చాలు, పాత కెర్నల్ కొత్త చిప్‌ని గుర్తుపడుతుంది.

మావయ్య చిప్‌కి లైను కాదు, కొత్త కోడే కావాలి. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన డ్రైవర్ని తెచ్చి కంపైల్ చెయ్యొచ్చు గానీ, కెర్నల్‌కి సవరణ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టుకోవాలి, ఏదో ఒక రోజు అది కట్టుబడదు. ఆ రోజు నేను అవనిగడ్డలో ఉండను. అందుకే డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ ఒక్కటే తెచ్చాను. రాబోయే డెబియన్ కోసం సిద్ధమవుతున్న ప్యాకేజీల్ని పాతదాని మీద నడిచేలా మళ్లీ కట్టి ఉంచే చోటు అది. మనం కోరితేనే వస్తాయి, వాటంతటవి దూరవు. వైఫై లేదుగా, ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి దాని నెట్‌తోనే దించుకున్నాం. కెర్నల్ కొత్తది, మిగతాదంతా పాతదే. ప్రింటర్‌కి ఏమీ తెలియలేదు.

ఇది ఇంత తేలిగ్గా కుదరడానికి కారణం, ప్రోగ్రాములకి కనిపించే వైపున లైనక్స్ కెర్నల్ తన మాట తప్పకూడదని టోర్వాల్డ్స్ పట్టుబట్టడం. లోపలి వైపు మాత్రం ఏ హామీ లేదు. ఫంక్షన్ల పేర్లు మారతాయి, కొన్ని మాయమవుతాయి. నా ఉద్యోగం ఆ లోపలి వైపు. పెద్ద సంస్థల సర్వర్లలో కెర్నల్‌ని మొత్తంగా మార్చనివ్వరు, దాని లోపలి ఫంక్షన్లని నమ్ముకున్న మాడ్యూళ్లు వాళ్లకుంటాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8నే చూడండి. 2019లో 4.18 కెర్నల్‌తో వచ్చింది, 2029 దాకా ఆ నంబరే. లోపల మాత్రం ఎన్నో కొత్త డ్రైవర్లు తెచ్చి పెట్టారు. అలాంటి చోట డ్రైవర్ పిలిచే ఫంక్షన్ పాత కెర్నల్‌లో లేకపోతే, ఉన్నవాటితో దానికి సమానమైంది మనమే రాయాలి. కంపైల్ అయిందంటే సగం కూడా అయినట్టు కాదు. మెషిన్‌ని నిద్రపుచ్చి లేపితే చిప్ లేవకపోవచ్చు. లేచినా గంట తర్వాత పడిపోవచ్చు. వారమంతా పోరాడి చివరికి పదకొండు లైన్లు మార్చిన సందర్భాలున్నాయి. పదకొండే ఉన్నందుకు సంతోషించాలని మా ఆఫీసులో ఎవరికీ తట్టదు.

బాబాయికి ఇదంతా చెప్పకుండా స్వర్ణ గురించి చెప్పాను. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029. దిగుబడి బాగుంటుంది, రైతుకి దాని గుణం తెలుసు, మిల్లుకీ తెలుసు. కానీ వారానికి మించి పూర్తిగా మునిగితే తట్టుకోలేదు. ఒడిశా నాటు రకంలో మునకని తట్టుకునే సబ్1 అనే జన్యువు ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఆ నాటు రకం నుంచి వచ్చిన ఒక వరితో స్వర్ణని సంకరం చేసి, పుట్టిన మొక్కల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేస్తూ పోయారు. ప్రతి తరంలోనూ సబ్1 ఉన్న మొక్కల్నే ఉంచుకుని, ఆ రెండో వరి తాలూకు మిగతా గుణాల్ని వదిలించుకున్నారు. మన దేశంలో 2009లో విడుదలైన స్వర్ణ సబ్1 అదే. రెండు వారాల దాకా నీళ్ల కింద ఉన్నా తేరుకుంటుంది. నీళ్లు రాకపోతే మామూలు స్వర్ణే.

"అంటే పాతదానికి ఆ ఒక్క గుణమే ఎక్కించారన్నమాట" అన్నారు బాబాయి. గుడివాడ దగ్గర మేం చదివిన ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లలో ఈ విషయం ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు మరి.

డెబియన్ 13 నిరుడు ఆగస్టు... అంటే 2025 ఆగస్టు 9న వచ్చింది. 6.12 కెర్నల్ కాబట్టి ఆ చిప్‌కి ఇప్పుడు బ్యాక్‌పోర్ట్ అవసరమే లేదు. మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "ప్రింటర్ ఆగదని రాసిస్తావా?" అన్నాడు. రాసివ్వలేదు. 12కి 2028 జూన్ చివరిదాకా భద్రతా సవరణలు వస్తాయి, తొందరేం లేదు.