ఊ కొడితే సరిపోతుందా?

పరాయి రాష్ట్రంలో కాపురం పెట్టిన మనలాంటి వాళ్ళకి తొందరగా పట్టుబడే విద్య ఒకటుంది. నవ్వుతూ తలాడించడం! పక్కింటావిడ హిందీలో గడగడా ఏదో చెబుతుంది. మనం "హాఁ జీ, హాఁ జీ" అంటాం. ఆవిడ అటు వెళ్ళగానే "ఇంతకీ ఏమంది చెప్మా!" అనుకుంటాం. అవునా, కాదా?

మావారి ఉద్యోగరీత్యా మేం భోపాల్‌లో ఉంటున్నాం. నేను ఇంటర్ చదివే రోజుల్లోనే దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి రాష్ట్రభాష పరీక్ష పాసయ్యాను. 1918లో మొదలైన ఆ సభ మనలో ఎంతమంది చేత హిందీ అక్షరాలు దిద్దించిందో! ఆ మేలు మరవలేం. కానీ తీరిగ్గా కూర్చుని జవాబు రాయడం వేరు, కూరల బండి దగ్గర నిలబడి వినడం వేరు.

లెక్కలే చూడండి. మన తెలుగులో యాభై తొమ్మిది అంటే యాభై, తొమ్మిది విడిగా వినిపిస్తాయి. హిందీలో 59 "ఉన్‌సఠ్", 69 "ఉన్‌హత్తర్". ఒకటిన్నర "డేఢ్", రెండున్నర "ఢాయీ". "పౌనే చార్ బజే" అంటే నాలుక్కి ఇంకా పావుగంట ఉందని. ఇక "కల్" అంటే నిన్నా అదే, రేపూ అదే! "ఆయా థా" అంటే నిన్న, "ఆయేగా" అంటే రేపు. వాక్యం చివరిదాకా చెవి ఒగ్గాల్సిందే.

మా అమ్మాయి చిన్నప్పుడు జ్వరమొస్తే డాక్టరుగారు సిరప్ "ఢాయీ ఎం.ఎల్." వెయ్యమన్నారు. నేను కొలత మూత మీద రెండున్నర గీత దగ్గర వేలుపెట్టి "ఇక్కడిదాకానేనా?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు సరికదా, సంతోషించారు. చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకోవడం మంచి పద్ధతని వైద్యులే అంటారు.

విదేశాలకెళ్ళే పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినే భాగానికి 40 ప్రశ్నలు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. దాన్ని మళ్ళీ చెప్పమని అడగలేం, మనిషినైతే అడగొచ్చు. అందుకే సంభాషణలో ఎన్ని మాటలు అందుకున్నామన్నదే కాదు, అందని మాటేదో కనిపెట్టి అడిగామా అన్నదీ లెక్కే.

మీ చెవిని మీరే ఇలా పరీక్షించుకోండి.

ఎదుటివారు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి "యహీ నా?" అనండి. అవునన్నారా, మొదటి పరీక్ష పాసైనట్టే.

అర్థం కానప్పుడు ఉత్త "క్యా?" అంటున్నారా, "కిత్నే బజే?" అంటున్నారా? రెండోది అడగగలిగితే, టైము తప్ప మిగతాది మీకు అందిందన్నమాట.

మూడోది ఫోను. అవతలివాళ్ళ పెదాలు, చేతులు కనబడవు కనుక ఇదే గట్టి పరీక్ష. గ్యాస్ సిలిండర్ వచ్చే రోజు, టైము కాగితం మీద రాసుకుని వాళ్ళకే చదివి వినిపించండి. మీరు రాసింది సరైనదో కాదో వాళ్ళే చెబుతారు.

మళ్ళీ అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇంక భాష తెలియని పొరుగింటివాళ్ళకి మన సందేహం ఎలా తెలుస్తుంది? రేపు పొద్దున్న పాలవాడితోనే మొదలుపెట్టండి!